సర్పంచికి ఉన్న హద్దు శాసనసభ్యుడికి వద్దా?

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడితే హుజూర్‌నగర్, మట్టంపల్లి, గరిడేపల్లి మండలాల్లో అందరి చూపూ రిజర్వేషన్ల జాబితా మీదే. మన ఊరు జనరలా, బీసీనా, ఎస్సీ మహిళకు వచ్చిందా? ఊరి పేరు పక్కన పడిన ఒక్క మాటతో, ఐదేళ్లు మంచిగా పనిచేసిన సర్పంచి కూడా పోటీకి దూరమవుతాడు. సామాజిక న్యాయం కోసం ఊళ్లు దీనికి ఒప్పుకున్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టమైతే అప్పట్లో 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుట్టినవారిని పోటీకే అనర్హులను చేసింది. ఆ అనర్హత పెట్టింది శాసనసభే. తన సభ్యులు ఎన్నిసార్లు గెలవవచ్చన్న ప్రశ్న మాత్రం ఆ సభ వేసుకోవడం లేదు.

ఆ పరిమితి పెట్టే అధికారం తమకు లేదని సభ్యులంటారు. అది నిజమే. 191వ అధికరణం ప్రకారం శాసనసభ్యులకు కొత్త అనర్హత పెట్టాలంటే పార్లమెంటే చట్టం చేయాలి. అక్కడ ప్రైవేటు సభ్యుల బిల్లులకు దక్కేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు, అదీ వారం తప్పించి వారం. 1970 తర్వాత అలాంటి బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. కానీ ప్రభుత్వమే తలచుకుంటే? ఒక అభ్యర్థి రెండు స్థానాలకు మించి పోటీ చేయకూడదన్న నిబంధన 1996లో ప్రజాప్రాతినిధ్య చట్ట సవరణతోనే వచ్చింది.

కాబట్టి మన సభ చేయగలిగింది తీర్మానం. నియోజకవర్గాల పునర్విభజన కేంద్రం పనే అయినా, 2025 మార్చి 27న తెలంగాణ శాసనసభ దానిపై తీర్మానం చేసింది. పదవీకాల పరిమితిపై అదే పని ఎందుకు చేయకూడదు? ఒకే సభలో వరుసగా మూడుసార్లు, అంటే 15 ఏళ్లు చాలు అన్నది మా స్పష్టమైన అభిప్రాయం.

ఈ మాట హుజూర్‌నగర్‌ నుంచి అంటున్నామంటే ఒక వ్యక్తిపై కోపంతో కాదు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి 1999, 2004లో కోదాడ నుంచి, 2009, 2014, 2018, 2023లో ఇక్కడి నుంచి గెలిచారు. ఆ అనుభవం ఉట్టిది కాదు. బడ్జెట్ పద్దులు, ప్రాజెక్టుల లెక్కలు అర్థం కావడానికే కొత్త సభ్యుడికి ఒక విడత పడుతుంది. అందుకే రెండు కాదు, మూడు అంటున్నాం. ఓటరే మార్చుకుంటాడుగా అని 2019 ఉప ఎన్నికను చూపేవారున్నారు. ప్రత్యర్థి పార్టీ అభ్యర్థి శానంపూడి సైదిరెడ్డికి నాడు 43,358 ఓట్ల ఆధిక్యం ఇచ్చింది ఈ ఓటర్లే. అయితే ఓటరు మార్చగలిగేది టికెట్ దక్కినవారి మధ్యే. పాతికేళ్లు జెండా మోసిన మండల కార్యకర్త ఆ వరుసలోకే రాడు. మా బాధ అతని గురించి.

అయితే పరిమితి పెట్టినా ఒక చిక్కు ఉంది. ఫిలిప్పీన్స్ ప్రతినిధుల సభలో వరుసగా మూడు విడతల పరిమితి పెడితే, ఖాళీ అయిన సీట్లలో భార్యలు, బిడ్డలు వచ్చి కూర్చున్న సందర్భాలు ఎన్నో. ఈ చిక్కు తేలాలంటే చర్చ గంటలో ముగియకూడదు. ముసాయిదాను సభా సంఘానికి పంపాలి, ఆ సంఘం జిల్లాల్లో జనం మాట వినాలి, సభలో పూర్తిగా ఒక రోజు కేటాయించాలి. పార్టీలు విప్ జారీ చేయకూడదు. మూజువాణి ఓటుతో సరిపెట్టకూడదు. 1995 మార్చిలో అమెరికా ప్రతినిధుల సభలో ఇలాంటి ప్రతిపాదనకు 227 ఓట్లు వచ్చాయి, 204 వ్యతిరేకంగా పడ్డాయి. మూడింట రెండొంతులు దక్కక వీగిపోయింది. అయినా ఎవరు ఎటు వేశారో పేరుపేరునా రికార్డులో ఉంది. వచ్చే సమావేశాల ఎజెండాలో ఈ తీర్మానాన్ని చేర్చి, డివిజన్ ఓటింగ్ పెట్టి, మన సభ్యుల పేర్లూ అలాగే ప్రచురించాలి.