సుగ్గి దారి

ఆలూరోడికి హైతీ నవల ఎందుకన్నా అని ఒక తమ్ముడు ఎగతాళి చేసినాడు. చెప్తా ఇను.

హైతీలో పుట్టి అమెరికా చేరిన ఎడ్విజ్ డాంటికా 1998లో ‘ది ఫార్మింగ్ ఆఫ్ బోన్స్’ రాసింది. ఒకటే దీవి, రెండు దేశాలు. 1937లో డొమినికన్ నియంత ట్రుహీయో హైతీ కూలీలను వేలమందిని నరికించాడు. కొత్తిమీర లాంటి ఒక ఆకు పేరు పలకమని, నోరు తిరగనోడిని హైతీవాడని తేల్చారంటారు. నవల్లో ఇదంతా చెప్పేది ఏ నాయకుడో కాదు, ఇంట్లో పనిచేసే హైతీ ఆడమనిషి.

మన గీత కథ ఎవరు చెప్పినారు? 1953 దాకా ఆలూరు, ఆదోని, బళ్లారి ఒకే జిల్లా. బళ్లారి మాదంటే మాదని రెండు భాషల పెద్దలూ కొట్లాడినారు. మన వాడను అడిగినోడు ఎవడు? హాస్టల్లో నా యాస ఇని ‘కన్నడోడా’ అన్నారు, బళ్లారిలో ‘తెలుగోడా’ అన్నారు. నవ్వినారంతే, నరకలేదు. రెండూ ఒకటని నేననను.

కానీ సిరుగుప్ప నుంచి మన వాడకు కోడలిగా వచ్చిన మాదిగ పిల్లకు ఇక్కడ ఎస్సీ రిజర్వేషన్ లేదు. రాష్ట్రం మారితే ఆ హక్కు వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటరానితనానికి మాత్రం ఏ చెక్‌పోస్టూ అడ్డం రాలేదు.

మనం పోయే ‘సుగ్గి’ కూడా కన్నడ మాటే, కోతల కాలమని. అవ్వలు ఇంకా ఉన్నారు. ఏ చుట్టాలు అటు మిగిలిపోయినారో అడిగి రాసుకోండి.