ఆ ఒక్క తాళం కూడా అడిగి తీసుకోండి

బీరువా తాళం, సామాన్ల గది తాళం, ఊరికి పోయిన పక్కింటివాళ్ళ తాళం, అన్నీ నా దగ్గరే ఉంటాయి. మా ఇంట్లో నా చేతికి రాని తాళం ఒకటే ఉండేది. అది పాత ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్.

ఆ ల్యాప్‌టాప్ మావాడు కాలేజీలో వాడింది. తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టేది. ఒక అంగడిలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు దాంట్లో ఉబుంటు వేసిపెట్టాడు. ఇది లినక్స్ కుటుంబంలోది, 2004లో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. నా పేరుతో ఒక ఖాతా తెరిచాడు గానీ, కొత్తవి ఎక్కించే అధికారం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. "నువ్వు సినిమాలు చూసుకో మా. ఇంకేమీ ముట్టుకోవద్దు, చెడిపోతే నేను మళ్ళీ చెన్నై నుంచి రావాల" అని చెప్పి పోయినాడు.

నాకు కావలసింది సినిమాలు కాదు. మా అమ్మ నలభై ఏళ్ళుగా రాసుకున్న నోటుపుస్తకం ఒకటుంది. మంగళహారతులు, పండగ వంటలు, పచ్చళ్ళ కొలతలు అన్నీ అందులోనే. కాగితాలు చిరిగిపోతున్నాయి, అమ్మకు చిన్నక్షరాలు ఆనడం లేదు. పెద్దక్షరాల్లో కొట్టి, అచ్చు తీయించి, అప్పలాయగుంట బ్రహ్మోత్సవాలకు వచ్చినప్పుడు చేతిలో పెడదామనుకున్నాను. దానికి తెలుగు కీబోర్డు, మంచి అక్షరాలు కావాలి. మావాణ్ణి అడిగితే "ఈ వారం చూద్దాం మా" అన్నాడు. అలా రెండు నెలలు గడిచాయి. పని ఐదు నిమిషాలదే, ఎదురుచూపు మాత్రం రెండు నెలలు.

చివరికి ఫోన్లోనే పాస్‌వర్డ్ చెప్పించుకుని, నా ఖాతాకు ఆ అధికారం ఇప్పించుకున్నాను.

టెర్మినల్ అని ఒక నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఆజ్ఞ కొట్టాలి. ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’. ఇది ఏమేం దొరుకుతాయో కొత్త జాబితా తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెరమీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు పోయిందనుకుని భయపడ్డాను. పక్కవాళ్ళు చూడకుండా అది అలా దాస్తుందట, కొట్టేసి ఎంటర్ నొక్కాలంతే.

తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు ఇవ్వాలి. నేను ‘ఫాంట్స్-తెలుగు-ఎక్స్‌ట్రా’ అని కొట్టాను. అలాంటి ప్యాకేజీ దొరకలేదంది. మూడుసార్లు కొట్టినా అదే మాట. చూస్తే అసలు పేరులో ‘తెలుగు’ లేదు, ‘తెలు’ వరకే ఉంది! బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, తెలుగులోంచి ‘గు’ తీసేస్తే గానీ పని జరగలేదు. వచ్చినవి మాత్రం ఎంత అందమైన పేర్లనుకున్నారు! పోతన, వేమన. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా అందరికీ ఇచ్చిన అక్షరాలవి.

కీబోర్డుకు ‘ఐబస్-ఎం17ఎన్’ అని ఇంకొకటి ఎక్కించాను. ఒకటి అడిగితే దానికి తోడు కావలసినవి కూడా తనే లెక్కగట్టి, ఎంత చోటు పడుతుందో చెప్పి, సరేనా అని అడిగింది. ఎక్కినా కీబోర్డు కనపడలేదు. ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ వస్తే, సెట్టింగుల్లో చేర్చుకోవడానికి సిద్ధంగా ఉంది.

"ఇంత తంటా ఎందుకక్కా, ఫోన్లో తెలుగు కొట్టుకోవచ్చు కదా" అంది మా చెల్లెలు. కొట్టుకోవచ్చు. నేను చెప్పేది తెలుగు అక్షరాల గురించి మాత్రమే కాదు. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ మార్చడం, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ బిగించడం మనకు ఎవరూ బడిలో నేర్పలేదు. చేతిలో పడింది కాబట్టి నేర్చుకున్నాం. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ‘అమ్మకు తెలీదు’ అని పిల్లలంటారు, ‘నాకు తెలీదు’ అని మనమూ ఒప్పేసుకుంటాం. తెలియకపోవడానికి సగం కారణం మనకు ఇవ్వకపోవడం, మిగతా సగం మనం అడగకపోవడం.

మావాడి భయంలో అర్థం లేదనను. ‘సుడో’ అంటే ఇంటి తాళం ఇచ్చి పంపడమే. ‘ఆప్ట్’ మామూలుగా తెచ్చేది ఉబుంటు వాళ్ళ సొంత గోదాములోంచి. అక్కడి సరుకు జాబితా మీద వాళ్ళ డిజిటల్ సంతకం ఉంటుంది, దాన్ని సరిచూశాకే మన దగ్గర ఎక్కిస్తుంది. ఎవరో ఎక్కడో రాసిన వరుసను అర్థం కాకుండా అంటించి ఎంటర్ కొడితే, ఊరూపేరూ తెలియనివాణ్ణి వంటింట్లోకి పంపినట్టే. ఈ సంగతి చెప్పి తాళం ఇవ్వాలి గానీ, దీని పేరు చెప్పి దాచిపెట్టకూడదు.

ఇంగ్లీషు మరో అడ్డం. దీనికోసం పనిచేసేవాళ్ళూ మనలో ఉన్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వాళ్ళు డెబియన్ అనే లినక్స్ ఆధారంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. అయినా ఎర్రర్ వచ్చినప్పుడు కంగారుపడకుండా చదివితే, మనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుకే చాలావరకు అందుతుంది. ఒకరోజు ‘లాక్ దొరకలేదు’ అంది. వెనకాల ఏదో అప్‌డేట్ నడుస్తోందని అర్థం. కాఫీ పెట్టుకుని తాగి వచ్చేసరికి అయిపోయింది.

పుస్తకం పూర్తయింది. పోతన అక్షరాలు, ఇరవైనాలుగు సైజు. జిరాక్సు అంగడి కంప్యూటర్లో ఆ అక్షరాలు లేకపోతే రూపు మారిపోతుందని పీడీఎఫ్ చేసి తీసుకుపోయాను. అమ్మ అద్దాలు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పింది. గోంగూర పచ్చడి దగ్గర ఆగి, "మెంతులు వదిలేసినావే" అంది.

ఆ రాత్రే కూర్చుని నేనే సరిచేశాను. ఎవరికీ ఫోన్ చేయలేదు.