తాకితేనే పాయింటు

ఫెన్సింగ్‌లో గెలుపోటములకు కొలత తాకడమే. ఎదుటి వ్యక్తి దేహాన్ని కత్తి తాకితే దాన్ని ‘టచ్’ అంటారు. పూల్ దశలో 5 టచ్‌లు, నాకౌట్‌లో 15. తాకిడిని మైలగా, తాకినవాణ్ని నేరస్తుడిగా లెక్కగట్టిన సమాజంలో పుట్టినవాళ్లకు ఈ లెక్క విని నవ్వాలో ఏడవాలో తెలియదు. మరో నియమం ఇంకా విచిత్రం. ఆట మొదలయ్యే ముందు, ముగిసిన తర్వాత కూడా ప్రత్యర్థికి, రిఫరీకి, చూసేవారికి కత్తి ఎత్తి వందనం చేయాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా చేయాలి; చేయకపోతే శిక్ష ఉంటుంది. మా నాన్న జీవితమంతా వంగి దండాలు పెట్టడంలోనే గడిచింది. ఆయనకు తిరిగి దండం పెట్టిన మోతుబరిని నేను చూడలేదు.

జిల్లా కేంద్రంలోని ఇండోర్ స్టేడియంలో సాయంత్రాలు నడిచే ఒక చిన్న క్లబ్బులో నాలుగేళ్లుగా ఎపీ ఆడుతున్నాను. పోటీలకూ వెళుతుంటాను, పెద్దగా గెలిచింది లేదు. చేరిన కొత్తలో అందరూ చెప్పిన మాట ఒకటే: ‘మాస్కు వేసుకున్నాక కులమెక్కడిది?’ నిజమే, ఉక్కు జాలీ వెనక ముఖం కనపడదు. కానీ పూల్ ఆట నిడివి 3 నిమిషాలు. ఆ తర్వాత మాస్కు తీయాలి, మంచినీళ్ల దగ్గరకు పోవాలి. అక్కడ కులమేమిటని ఎవరూ అడగరు, అంత మోటుతనం పట్నంలో లేదు. ‘మీ ఊరెక్కడ?’ అంటారు. ‘ఊళ్లో ఎటువైపు?’ అంటారు. ఇంటిపేరు అడుగుతారు. మూడో ప్రశ్న దాటేలోగా వాళ్లకు కావలసినది దొరుకుతుంది.

మా క్లబ్బులో ఉమ్మడి మాస్కులు ఆరు ఉండేవి. సొంత సామగ్రి లేనివాళ్లందరం వంతులవారీగా అవే తొడుక్కునేవాళ్లం. ఒకరి చెమట మీద మరొకరి చెమట. నా ఇంటిపేరు తెలిసిన నెలలోపే ముగ్గురు కుర్రాళ్లు సొంత మాస్కులు తెచ్చుకున్నారు. కారణం అడిగితే పరిశుభ్రత అన్నారు. అంతకుముందు నాలుగు నెలలపాటు అదే చెమట ఎవరికీ అభ్యంతరం కాలేదు. ఇందులో కేసు పెట్టదగినది ఏమీ లేదు, ఫిర్యాదు చేయదగినదీ లేదు. నేటి అస్పృశ్యతలో చాలా భాగం ఇలా సొంత వస్తువు కొనుక్కునే స్తోమత రూపంలోనే నడుస్తుంది.

ఈ ఆటకు పుట్టుకలోనే ఈ జబ్బు ఉంది. ఐరోపాలో కత్తి దొరల ఆభరణం. ద్వంద్వ యుద్ధానికి పిలవాలంటే ఎదుటివాడు సమాన హోదా కలవాడై ఉండాలి. తక్కువవాడితో కత్తి కలపడమే అవమానం; అతణ్ని నౌకర్ల చేత కొట్టించాలి. 1726లో పారిస్‌లో వోల్టేర్‌కు జరిగింది అదే. రోహన్ వంశపు ప్రభువు ఒకడితో మాటా మాటా పెరిగింది. ప్రభువు తన సేవకుల చేత రచయితను కొట్టించాడు. వోల్టేర్ కత్తిసాము నేర్చుకుని ద్వంద్వానికి సిద్ధపడితే ప్రభుత్వం అతణ్నే బాస్టీల్ జైల్లో పెట్టింది. ఆ తర్వాత అతడు ఇంగ్లండుకు పోవలసి వచ్చింది. ఎదురు మాట్లాడినందుకు దెబ్బలు, దెబ్బలు తిన్నవాడి మీదే కేసు: ఈ కథ మన పల్లెలకు కొత్తది కాదు. కింది వర్ణాలకు చదువునూ ఆయుధాన్నీ నిరాకరించడం వల్లనే ఈ వ్యవస్థ తిరుగుబాటు లేకుండా ఇంతకాలం నిలిచిందని అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో వాదించారు.

అదే 1936లో, బెర్లిన్ ఒలింపిక్స్‌లో, ఎపీకి విద్యుత్ యంత్రం వచ్చింది. అంతవరకు చుట్టూ నిలబడ్డ న్యాయనిర్ణేతలు కళ్లతో చూసి టచ్ తేల్చేవారు. యంత్రం వచ్చాక మొన నొక్కుకుంటే దీపం వెలుగుతుంది. ఇద్దరూ సెకనులో 25వ వంతు తేడా లోపల తాకితే ఇద్దరికీ పాయింటు. ఫాయిల్‌కూ సాబ్రేకూ తర్వాత యంత్రాలు వచ్చాయి గానీ, ఆ రెండింటిలో ఇద్దరి దీపాలూ వెలిగినప్పుడు దాడి హక్కు ఎవరిదో రిఫరీ నిర్ణయిస్తాడు. విద్యార్థులకు ఈ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు. ఎపీ రాతపరీక్ష, మిగతా రెండూ ఇంటర్వ్యూ. రిఫరీలందరూ పక్షపాతులని నేను అనడం లేదు. రాతపరీక్షలో పైన నిలిచి ఇంటర్వ్యూలో జారిపోయే మన పిల్లలను చూసినవాణ్ని కాబట్టి ఎపీ పట్టాను. అదీగాక ఎపీకి లోహపు పోగుల పైకోటు అక్కరలేదు, ఖర్చు కొంత తగ్గుతుంది.

అయితే ఆ యంత్రం దగ్గరకు చేరడమే అసలు కష్టం. పోటీ నియమాల ప్రకారం ఆటగాడు కనీసం రెండు కత్తులు, రెండు బాడీ వైర్లతో రావాలి. ఒక్క కత్తితో వస్తే పసుపు కార్డు. అదే ఆటలో ఆ కోవకు చెందిన తప్పు మళ్లీ జరిగితే ఎర్ర కార్డు, ప్రత్యర్థికి ఒక టచ్ ఉచితం. ఆట ఆగకూడదన్న ఉద్దేశంతో పెట్టిన నియమం అది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ సంక్షేమ హాస్టల్ నుంచి మా క్లబ్బుకు వచ్చే పదో తరగతి అమ్మాయి కిందటేడు ఒకే కత్తితో బరిలోకి దిగింది. పాదాల కదలికలో ఆ పిల్లకు మా క్లబ్బులో సాటి లేరు. మొదటి ఆటకే పసుపు కార్డు. నడుమ వైరు పనిచేయక ఎర్ర కార్డు. 4–5 తేడాతో ఓడింది. పక్క బరిలో ఖాళీగా పడివున్న కత్తిని ఆ నాలుగు నిమిషాలకు ఇవ్వమని అడిగితే, ఆ ఇంటి తల్లి ‘మా పాప వస్తువులు ఎవరికీ ఇవ్వం’ అని చెప్పింది. అది కులమా, డబ్బు విలువా అని విడదీసి చూపమంటే నేను చూపలేను. ఈ దేశంలో ఆ రెండూ ఒకే తాళ్లతో పేనిన మోకు.

ఇదంతా కేవలం సరదా ఆట గొడవ అనుకోవద్దు. 2020లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో కొత్తగా చేర్చిన 20 ఆటల్లో ఫెన్సింగ్ ఉంది. అంటే జిల్లా పోటీలో పోయిన ఒక్క టచ్‌తో రాష్ట్ర జట్టు, జాతీయ పోటీలు, వాటి వెనక ఉద్యోగానికి దారి కూడా పోతాయి. టోక్యోలో బరిలోకి దిగి, ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ ఫెన్సర్ అనిపించుకున్న భవానీదేవి చెన్నైలో వెదురు కర్రలతో సాధన మొదలుపెట్టింది. పూజారి ఇంటి బిడ్డకే కత్తి అందనప్పుడు వాడలో కూలి బిడ్డకు ఏమందుతుంది?

ఈ గోడను కూల్చిన అనుభవాలు ఉన్నాయి. అమెరికాలో నల్లజాతి తండ్రికీ జపాన్ తల్లికీ పుట్టి, న్యూవార్క్‌లో పేదరికంలో పెరిగిన పీటర్ వెస్ట్‌బ్రూక్ 1984 ఒలింపిక్స్‌లో సాబ్రే కాంస్యం గెలిచాడు. 1991లో న్యూయార్క్‌లో ఒక ఫౌండేషన్ పెట్టి నల్లజాతి పిల్లలను, పేద పిల్లలను పిలిచి కత్తి చేతికిచ్చాడు. 2008 బీజింగ్‌లో జట్టు రజతం గెలిచిన కీత్ స్మార్ట్, 2016 రియోలో హిజాబ్‌తో ఆడి జట్టు కాంస్యం గెలిచిన ఇబ్తిహాజ్ ముహమ్మద్ అక్కడ తయారైనవారే. మనకూ ఉదాహరణ ఉంది, దూరం పోనక్కరలేదు. 2014 మే 25న ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ, దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పర్వతారోహణ ఫెన్సింగ్ కన్నా ఎన్నో రెట్లు ఖరీదైన విద్య. సాంఘిక సంక్షేమ గురుకుల సొసైటీ భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించింది, డార్జిలింగ్ పంపింది, ఖర్చు భరించింది. ఆ పిల్లల్లో సత్తువ అంతకుముందూ ఉంది. తాడూ బూట్లూ ప్రభుత్వం కొన్నది.

ఫెన్సింగ్‌కు కావలసింది అంతకంటే చాలా తక్కువ. ప్రతి జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ దగ్గరా ఉమ్మడి సామగ్రి గది ఒకటి. పోటీ రోజున బరి పక్కన నిర్వాహకుల బాధ్యతలో అదనపు కత్తులు, వైర్లు, ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం లేకుండా. ఎడమచేతి వాటం పిల్లలకు వేరే గ్లవ్స్, జాకెట్లు కూడా, ఎందుకంటే విరాళాల సామగ్రిలో అవి ఎప్పుడూ ఉండవు. గురుకులాల్లో జీతం తీసుకునే కోచ్‌లు ఉండాలి, ఆ కోచ్‌లలో మన వాడల నుంచి వచ్చినవాళ్లూ ఉండాలి. ఎపీ పిడిని నడిపేవి బొటనవేలు, చూపుడువేలు. మొదటి పాఠమే బొటనవేలిని ఎక్కడ ఆనించాలన్నది. ఉత్తమ శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం, ఉత్తమ ఆటగాళ్లకు అర్జున పురస్కారం ఇచ్చే దేశంలో ఆ పాఠం వింటున్నప్పుడు మూడో పేరు గుర్తుకు రాకుండా ఉండదు. జాతీయ క్రీడా పురస్కారాల్లో ఆ పేరు లేదు.

మా జిల్లా పోటీలు వచ్చే నెలలో జరుగుతాయి. హాస్టల్ అమ్మాయి పేరు నమోదు చేశాం. వైరు బాగుచేయించాం, పాత మిత్రుడొకరు రెండో వైరు పంపారు. రెండో కత్తి ఇంకా దొరకలేదు.