పాత బొంబాయి మీద బెంగ ఎవరిది?

ఈ మధ్య ఒక సెమినార్‌లో పాత బొంబాయి ఫోటోలు చూపించారు. మిల్లు చిమ్నీలు, చాళ్ల వరండాలు, షిఫ్టు దిగి వస్తున్న కార్మికులు. 'అప్పటి నగరం మురికిగా ఉన్నా మనుషుల్ని కలిపి ఉంచింది. ఒకే నల్లా, ఒకే వరండా, ఒకే వర్గం' అన్నారు వక్త. హాలంతా నిట్టూర్చింది. నేను లేచి ఒక్కటే అడిగాను: 'ఆ మిల్లుల్లో నేత విభాగంలోకి ఎవరిని రానిచ్చేవారు?' 'అది వేరే చర్చ' అన్నారు.

కాదు. చర్చే అది.

మగ్గం మీద కండె అయిపోతే, కొత్త కండె పోగును నాడె కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడి ఎంగిలి తగిలిన నాడెను ముట్టుకోమన్నారు సవర్ణ కార్మికులు. అలా ఎక్కువ కూలి దొరికే నేతపని దళితులకు మూసుకుపోయింది. తక్కువ కూలి స్పిన్నింగ్ వాళ్లకు మిగిలింది. 1928 సమ్మె కాలంలో ఈ నిషేధాన్ని ఎత్తేయాలన్నది కూడా కార్మికుల డిమాండ్లలో ఉండాలని బాబాసాహెబ్ పట్టుబట్టారు. యజమాని మూసిన తలుపును సమ్మె చేసి తెరిపించొచ్చు. పక్క మగ్గం మీది కామ్రేడ్ మూసిన తలుపు మాటేమిటి? 1938లో మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణవాదాన్నీ పెట్టుబడిదారీ విధానాన్నీ రెండింటినీ శత్రువులన్నది ఊరికే కాదు.

ఇక చాళ్ల కలివిడి సంగతి. 1974 జనవరిలో వర్లీ బిడిడి చాళ్లలో దళిత పాంథర్ల సభ తర్వాత దళితుల మీద దాడులు జరిగాయి. రాళ్లు విసిరింది ఎక్కడినుంచో వచ్చినవాళ్లు మాత్రమే కాదు, ఇరుగుపొరుగు కూడా. వరండా ఒకటే, కులం ఒకటి కాదు.

ఈ బెంగ నామ్‌దేవ్ ఢసాల్‌నూ వదల్లేదు. కామాఠీపుర పరిసరాల బతుకును 'గోల్‌పిఠా' (1972)లో ఆయన కోపంతో రాశాడు. ఇప్పుడు దాన్ని నగరపు 'రా' అందమని మెచ్చుకుంటున్నారు. కామాఠీపుర పేరులోనే మన తెలుగు కూలీలున్నారు. ఆ నగరాన్ని కట్టిన కామాఠీలు వాళ్లు. మురికి వాళ్లకు అందం కాదు, బతుకు.

అలాగని నేను అద్దాల టవర్ల పక్షం కాదు. 1982 సమ్మె తర్వాత రెండు లక్షలకు పైగా కార్మికుల బతుకులు చెదిరాయి. మిల్లుల నేలమీద మాల్స్ లేచాయి. ఆ నష్టం నిజం, అందులో దళితుల నష్టం కూడా ఉంది. కానీ పోయినదాని లెక్క పూర్తిగా రాయకుండా ఏడవడం దుఃఖం కాదు. అది సవర్ణ జ్ఞాపకాన్ని అందరి చరిత్రగా చలామణి చేయడం.

మాకూ ఆ నగరం జ్ఞాపకమే. బాబాసాహెబ్ ఏళ్ల తరబడి పరేల్ బిఐటి చాల్‌లో రెండు గదుల్లో ఉండి చదివారు, ఉద్యమం నడిపారు. ఆ గదుల్ని మేం తలుచుకునేది మళ్లీ అక్కడికి పోవాలని కాదు, అక్కడినుంచి ఎలా పోరాడారో నేర్చుకోవాలని.

మ్యూజియాల్లో, సిలబస్‌లో, స్లైడ్లలో చిమ్నీ ఫోటో ఉంచండి. పక్కనే ఒక నాడె పెట్టండి. దాన్ని ఎవరి పెదవులు తాకకూడదన్నారో కింద రాయండి. బెంగ ఆ తర్వాత పడదాం.

జై భీమ్.