డీజిల్ పొదుపు... కిరాయిలో మిగులు
గెలల రవాణా వాహనాలకు మైలేజీయే కీలకం

అశ్వారావుపేట: ఆయిల్‌పామ్ తోటలకు పేరొందిన అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో గెలల రవాణాకు ట్రాక్టర్లతో పాటు బొలేరో తరహా డీజిల్ వ్యాన్లు ఆధారం. కోసిన గెలలను 24 గంటల్లోగా కర్మాగారానికి చేర్చకుంటే నూనెలో ఆమ్లశాతం పెరిగి నాణ్యత తగ్గుతుంది. అందుచేత వాన కురిసినా, దారి బురదమయమైనా బండి కదలక తప్పదు. కిరాయి ముందే మాట్లాడుకున్నది కావడంతో అదనంగా ఖర్చయ్యే ప్రతి లీటరూ యజమాని జేబుకే చిల్లు పెడుతుంది.

కేంద్రం 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తివేసింది. 2017 జూన్ 16 నుంచి దేశవ్యాప్తంగా రోజువారీ ధరల విధానం అమల్లోకి వచ్చింది. ధర బండి యజమాని చేతిలో లేదు. మైలేజీ మాత్రం చాలావరకు అతని చేతిలోనే ఉంది.

లెక్క ఇదీ...

రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే వ్యాను లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే 8 లీటర్లు కావాలి. అదే 12 ఇస్తే 6.7 లీటర్లు చాలు. నెలకు 25 రోజులు తిరిగితే మిగులు 33 లీటర్లు. లీటరు 95 రూపాయలు అనుకున్నా మూడు వేల రూపాయలు పైమాటే. బ్యాంకు కిస్తీ కట్టే చిన్న యజమానికి ఇది తక్కువ మొత్తం కాదు.

ఎక్కడ పోతోంది?

టైర్లలో గాలి తగ్గితే ఇంజిన్‌పై భారం పెరుగుతుంది. తోట దారుల దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, క్లచ్ పెడల్‌పై కాలు ఆనించి నడిపినా నష్టమే. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం పొదుపైనదని పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఏనాటి నుంచో చెబుతోంది.

వాలులో బండిని న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ ఆదా అవుతుందన్న నమ్మకం డ్రైవర్లలో ఉంది. నేటి ఇంజిన్లలో ఇది తలకిందుల లెక్క. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్‌కు డీజిల్ సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి డీజిల్ కావలసిందే. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకులపైనే పడుతుంది. బరువుతో ఉన్న బండికి అది ప్రాణాపాయం.

రెండు ట్రిప్పుల సరుకును ఒకేసారి ఎక్కించడమూ పొదుపు కాదు. టైర్లు, స్ప్రింగులు త్వరగా దెబ్బతింటాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక లోడుకు 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేల రూపాయల జరిమానా నిర్దేశించింది. ఒక్కసారి పట్టుబడితే ఆరు నెలల ఆదా ఆవిరే.

బారులోనూ ఖర్చే

కోతలు ముమ్మరమయ్యే వానాకాలంలో కర్మాగారాల వద్ద వాహనాలు బారులు తీరుతాయి. వరుస కదిలినప్పుడల్లా స్టార్ట్ చేయడమెందుకని ఇంజిన్ ఆపకపోతే గంటకు అర లీటరుకు పైగానే ఖర్చు కావచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 వాహనాల్లో ఇలా ఎక్కువసేపు నిలిపి ఉంచితే పొగ ఫిల్టరులో మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చడానికి మళ్లీ డీజిలే కావాలి.

గాలి, ఫిల్టరు, వేగం డ్రైవరు చూసుకోగలడు. బారును మాత్రం ఒక్కడే తగ్గించలేడు. కోత రోజు, దించే వేళ రైతుకు, డ్రైవరుకు, కర్మాగారానికి ముందే కుదిరితే డీజిలూ మిగులుతుంది, గెలల నాణ్యతా నిలుస్తుంది.