రాయపురము స్టేషను

చెన్నపట్టణము పోయివచ్చిన తెలుగువారిలో సెంట్రల్ స్టేషను నెరుగనివారుండరు. దానికి ఈశాన్యముగ, రేవునకు చేరువనున్న రాయపురము స్టేషనును చూచినవారు మాత్రమరుదు. అయినను దక్షిణదేశమున ప్రజలకై పొగబండి మొదట బయలుదేరినది అచ్చటినుండియే. 1856 జూన్ 28వ తేదీని గవర్నరు హారిసు ప్రభువు దానిని తెరచెను. జూలై 1వ తేదీనుండి వాలాజా రోడ్డు వరకు బండ్లు నడచినవి. బొంబాయిలో 1853లోను, హౌరాలో 1854లోను తొలిబండ్లు కదలిన స్టేషనుల ఆనాటి కట్టడములు నేడు లేవు. రాయపురపు స్తంభములు నిలిచియున్నవి.

1873లో సెంట్రల్ స్టేషను వెలసిన పిమ్మట దీని ప్రాభవము సన్నగిల్లెను. 1922 వరకు రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయమిచ్చటనే యుండుటచే కొంత మర్యాద మిగిలెను. అదియు పోయినది. నేడు బీచి స్టేషనునుండి పోవు లోకలు బండ్లు క్షణకాలమాగి సాగిపోవుచున్నవి.

2005లో భవనమునకు జీర్ణోద్ధారణము జరిగినందులకు మేమును సంతసించితిమి. కాని కట్టడమును చూడవచ్చువాడు ఏ యేటికో యొకనాడు వచ్చును. రేవు కూలియు, చేపలబుట్ట నెత్తిన బెట్టుకొన్న స్త్రీయు, గుమాస్తాయు ప్రతిదినము వత్తురు. వారికి కావలసినది తరచుగ బండి, ఎండవానలకు నీడ, త్రాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రివేళ దీపము. ఇవి దయాధర్మములా? టిక్కెట్టు కూడ నొక యొడంబడికయే గదా! దక్షిణపు తాంబరము మార్గమునకు 1931లోనే విద్యుద్బండ్లు లభించినవి. ఉత్తర మద్రాసు వాసులు ఏ నేరము చేసిరి?

ఇందు ఆంధ్రులకు సంబంధించిన విషయము వేరొకటి కలదు. గూడూరు మార్గమున వచ్చు బండ్లకు రాయపురమును గమ్యస్థానము చేయవలెనని చిరకాలముగ కోరుచున్నారు. సెంట్రల్, ఎగ్మూరుల తరువాత ఆ భాగ్యము తాంబరమునకు దక్కినది. ఉత్తరమునుండి వచ్చు మనకు అది నగరమునకు ఆవలికొన! మూటలతో, ముసలివారితో అచ్చట దిగి, పట్టణములో పనియున్నవాడు మరల వెనుకకు రావలెను.

పాతభవనమును కూల్చి క్రొత్తది కట్టుడని మేమనము. దానికి హాని కలుగకుండ, ప్రక్కనున్న స్థలమున విస్తరణ సాధ్యమగునా, కాదా? కాదేని అడ్డమేమి? దక్షిణ రైల్వేవారు కారణములతో కూడిన సమాధానమును ప్రకటింపవలెను. ఈలోపల లోకలు బండ్ల సంఖ్యను పెంచుటకు వారికే విచారణసంఘముతోను పనిలేదు.