ఆరు ముఖాల బ్యాట్‌మన్

‘ది డార్క్ నైట్’ థియేటర్లకు రావడానికి పది రోజుల ముందు, 2008 జులై 8న, ‘బ్యాట్‌మన్: గోథమ్ నైట్’ నేరుగా డీవీడీగా విడుదలైంది. ఇందులో ఆరు చిన్న కథలున్నాయి. రాసినవారు అమెరికన్లు, బొమ్మలకు ప్రాణం పోసినవి మ్యాడ్‌హౌస్, ప్రొడక్షన్ ఐజీ వంటి జపాన్ స్టూడియోలు.

ప్రేక్షకులు మొదటినుంచీ రెండుగా చీలిపోయారు. కథ మారినప్పుడల్లా బ్యాట్‌మన్ ముసుగు వెనక ఉండే బ్రూస్ వేన్ ముఖం మారిపోతుందన్నది ప్రధానమైన ఫిర్యాదు. ఒకచోట మోటు మనిషి, ‘ఫీల్డ్ టెస్ట్’ కథలో సుకుమారుడైన కుర్రవాడు. దర్శకుడు క్రిస్టోఫర్ నోలన్ తీసిన ‘బ్యాట్‌మన్ బిగిన్స్’, ‘ది డార్క్ నైట్’ సినిమాలకు వంతెన అవుతుందని ఆశించినవారికి ఆ ముడి మరీ వదులుగా తోచింది. అది న్యాయమైన మాటే. ముఖాల సంగతికి మాత్రం మొదటి కథలోనే జవాబుంది: స్కేట్‌బోర్డు పిల్లలు తాము చూసిన బ్యాట్‌మన్‌ను తలా ఒక రకంగా వర్ణిస్తారు. ఒకరికి నీడ, ఒకరికి రెక్కల జంతువు, మరొకరికి మరమనిషి. చివరికి వాళ్ల ముందుకొచ్చేది గాయపడిన మామూలు మనిషి.

ఆరింటినీ కలిపే దారం బ్యాట్‌మన్‌కు మాట ఇచ్చిన కెవిన్ కాన్రాయ్ గొంతు. అదే గొంతు వినిపించిన 1992 నాటి బ్యాట్‌మన్ టీవీ సిరీస్‌తో పెరిగినవారికి అదే పెద్ద ఊరట.

మన పాఠకులు ‘వర్కింగ్ త్రూ పెయిన్’ కథను ప్రత్యేకంగా చూడాలి. అందులో బ్రూస్ నొప్పిని ఓర్చుకునే విద్య నేర్చేది భారతదేశంలో, కసాండ్రా అనే స్త్రీ దగ్గర. చెత్తకుప్పలో దొరికిన తుపాకులు చేతుల నిండా పట్టుకుని, తన సేవకుడు ఆల్ఫ్రెడ్ చాచిన చేయి అందుకోలేకపోయే ఘట్టంతో ఆ కథ ముగుస్తుంది. ఆరింటిలో బరువైనది అదే.